ఇంట్లో ఎవరిని చూసుకుంటున్నావమ్మా?

మీ క్లాసులో మొదటి పీరియడ్‌కు తరచూ ఆలస్యంగా వచ్చే పిల్లల పేర్లు ఒక కాగితం మీద రాయండి. అందులోంచి బస్సు తప్పిపోయేవాళ్లను, రాత్రి పన్నెండు దాకా ఫోన్ చూసి పొద్దున లేవలేనివాళ్లను కొట్టేయండి. మిగిలిన ఒకటి రెండు పేర్ల కోసమే ఈ అధ్యాయం.

అలాంటి ఒక అమ్మాయి ఉదయాన్ని ఊహించుకుందాం. పుదుచ్చేరిలో నెల్లితోపు వైపు అద్దె ఇల్లు. తండ్రికి పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది. తల్లి ఆరింటికల్లా హోటల్లో వంటపనికి వెళ్లిపోవాలి. పదకొండో తరగతి చదివే అమ్మాయి అయిదింటికి లేస్తుంది. నాన్న మూత్రం సంచి ఖాళీ చేసి, ఎంత వచ్చిందో క్యాలెండర్ వెనక రాస్తుంది. ఆయన్ను పక్కకు తిప్పి వీపు, తుంటి చూస్తుంది. ఎర్రబడిన చోట వేలితో నొక్కి వదిలితే తెల్లబడాలి, తెల్లబడకపోతే పుండు మొదలవుతున్నట్టని వార్డులో నర్సు చెప్పింది. తర్వాత దిండ్లు ఆనించి కూర్చోబెట్టి, ఇడ్లీ మెత్తగా పిసికి చెంచాతో పెడుతుంది. దగ్గొస్తే ఆపాలి, తగ్గాక మళ్లీ పెట్టాలి. రెండు ఇడ్లీలకు అరగంట. మాత్రలు వేసి, తమ్ముడికి క్యారియర్ కట్టి, పక్కింటి అక్క చేతిలో తాళం పెట్టి లాస్‌పేట బస్సెక్కేసరికి ప్రార్థన అయిపోతుంది. గేటు దగ్గర పీఈటీ సార్ "ఏం, నిద్ర లేవలేదా?" అంటారు. ఆ పిల్ల అవునన్నట్టు తలూపుతుంది. నిజం చెప్పాలంటే మూత్రం సంచి సంగతి అందరి ముందూ చెప్పాలి. పదహారేళ్ల పిల్ల ఆ మాట చెప్పదు, సోమరి అన్న పేరే మోస్తుంది.

ఇలాంటి పిల్లలు మనకు కనబడకపోవడానికి వాళ్ల మౌనం ఒక కారణం. మన మెచ్చుకోలు అంతకంటే పెద్ద కారణమని నాకు అనిపిస్తుంది. శ్రవణకుమారుడి కథ మనకు ఉగ్గుపాలతో వచ్చింది. గుడ్డి తల్లిదండ్రుల్ని కావడిలో మోసిన కొడుకని ప్రతి తెలుగు వాచకమూ చెప్పింది. ఆ కుర్రవాడు నీళ్ల కోసం ఒంటరిగా ఏటికి వెళ్లి బాణం దెబ్బకు చనిపోయాడనీ, ఆ ముసలివాళ్లకు నీళ్లిచ్చే మరో చెయ్యి ఆ అడవిలో లేదనీ కూడా అదే కథలో ఉంది. దాన్ని మనం దశరథుడి శాపం కోసం గుర్తుపెట్టుకున్నాం గానీ, ఒక్క పిల్లాడి మీద ఇద్దరి ప్రాణాలూ పెట్టడం ఎంతవరకు సబబని అడగలేదు. 2020 లాక్‌డౌన్‌లో బిహార్ అమ్మాయి ఒకతె గాయపడ్డ తండ్రిని సైకిల్ వెనక కూర్చోబెట్టుకుని గురుగ్రామ్ నుంచి దర్భంగా దాకా తొక్కుకుంటూ వెళ్లింది. అప్పుడామెకు పదిహేనేళ్లు. దేశమంతా చప్పట్లు కొట్టింది, సైక్లింగ్ సమాఖ్య ట్రయల్స్‌కు రమ్మంది. ఆ తండ్రిని ఇంటికి చేర్చే పని పదిహేనేళ్ల పిల్ల మీద ఎందుకు పడిందన్న ప్రశ్న ఆ చప్పట్లలో కలిసిపోయింది. అసెంబ్లీలో పిలిచి శాలువా కప్పే బడి కన్నా, ఏమీ అనకుండా ఇరవై నిమిషాలు ఆలస్యంగా రానిచ్చే బడి మేలు.

లెక్కలు కూడా ఈ పిల్లల్ని సగమే పట్టుకుంటాయి. జాతీయ గణాంక కార్యాలయం 2019లో చేసిన సమయ వినియోగ సర్వేలో ఆరేళ్లు నిండిన అందరినీ, రోజంతా ఏం చేశారో అరగంట అరగంటకు అడిగారు. ఇంట్లోవాళ్లను చూసుకునే పని చేసినవాళ్లలో ఆడవాళ్లు సగటున రోజుకు 134 నిమిషాలు, మగవాళ్లు 76 నిమిషాలు దానికే ఇచ్చారు. వంట, అంట్లు, బట్టలు లాంటి పనులకు ఆడవాళ్లు పెట్టినది 299 నిమిషాలైతే మగవాళ్లది 97. ఇంట్లో జబ్బు పడితే బడి మానేది అమ్మాయా అబ్బాయా అన్నది ఈ అంకెలు చూశాక ఊహించడం కష్టం కాదు. అయినా అబ్బాయిల్ని మరిచిపోకండి. అమ్మాయి ఇంట్లో పని చేస్తుందని టీచరు అనుమానిస్తారు, అబ్బాయి విషయంలో ఆ అనుమానమే రాదు. అమ్మకు మతి స్థిమితం తప్పితే రాత్రంతా తలుపు దగ్గర పడుకునే కొడుకు, పొద్దున బెంచీ మీద తల వాల్చగానే "తాగొచ్చాడేమో" అన్న మాట పడతాడు.

ఇంగ్లాండ్‌లో దీనికి చట్టమే ఉంది. 2014లో చేసిన రెండు చట్టాల ప్రకారం, ఇంట్లో రోగిని చూసుకునే పిల్లలకు ఏం సాయం కావాలో స్థానిక ప్రభుత్వమే వాకబు చేయాలి. 2023 జనవరిలో అక్కడి బడి లెక్కల్లో ఈ పిల్లల కోసం మొదటిసారి ఒక గడి పెట్టారు. దాదాపు 39 వేల మంది తేలారు. 2021 జనాభా లెక్కలేమో ఇంగ్లాండ్‌లో అయిదు నుంచి పదిహేడేళ్ల మధ్య అలాంటివాళ్లు 1,20,000 మంది ఉన్నారన్నాయి. 2023 బడి లెక్కల్లో నూటికి దాదాపు ఎనభై బడులు తమ దగ్గర ఒక్కరూ లేరని రాసిచ్చాయి. చట్టం, డబ్బు, సిబ్బంది ఉన్నచోటే ఇలా ఉంది. కాబట్టి అడ్మిషన్ ఫారంలో ఒక గడి చేర్చి చేతులు దులుపుకోవద్దు. నోరు తెరిచి అడిగే మనిషి కావాలి.

పుదుచ్చేరిలో ఉన్న ప్రత్యేకత

ఇక్కడి తెలుగు కుటుంబాల పిల్లల మీద ఇంకో పని పడుతుంది. దాన్ని పనిగా ఎవరూ గుర్తించరు.

కేంద్రపాలిత ప్రాంతం ఒకటే అయినా కాకినాడ దగ్గరి యానాంకీ పుదుచ్చేరికీ మధ్య ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరం ఉంది. ఉద్యోగంలో బదిలీ అయి వచ్చినవాళ్లు, సెంటాక్ కాలేజీ ప్రవేశాల్లో యానాం వాటా సీటు దొరికి వచ్చినవాళ్లు, జిప్‌మర్‌లో వైద్యం కోసం వచ్చి గోరిమేడు చుట్టుపక్కల గది తీసుకుని నెలల తరబడి ఉండిపోయినవాళ్లు ఈ ఊళ్లో కనిపిస్తారు. రెండు మూడేళ్లు గడిచేసరికి పిల్లలకు తమిళం వచ్చేస్తుంది, పెద్దవాళ్లకు రాదు. అక్కడి నుంచి ఆసుపత్రిలో మాట్లాడాల్సింది పిల్లాడే. ఓపీ చీటీ రాయించడం, ఏ గది ఎక్కడుందో కనుక్కోవడం, మందుల కౌంటర్లో ఏది ముందు ఏది తర్వాత అని అడగడం అన్నీ వాడివే. అంతవరకు పర్వాలేదు, లోకం తెలుస్తుంది. ఒకరోజు డాక్టరు "కాలేయానికి కూడా పాకింది" అంటాడు. తొమ్మిదో తరగతి పిల్లాడు అమ్మ వైపు తిరిగి "ఇంకో టెస్టు చెయ్యాలంటన్నారమ్మా" అంటాడు. మిగతా మాట వాడి దగ్గరే ఉండిపోతుంది. మర్నాడు వాడికి లెక్కల యూనిట్ టెస్టు.

ఈ ఒక్క బరువును దించడం మాత్రం మన చేతుల్లో ఉంది. పెద్దాసుపత్రుల్లో మెడికల్ సోషల్ వర్కర్లు ఉంటారు. ముఖ్యమైన సంగతి చెప్పే రోజున తెలుగు వచ్చిన పెద్దమనిషి పక్కన ఉండేలా చూడమని బడి నుంచి ఒక ఉత్తరం ఇవ్వండి. జిప్‌మర్‌లో తెలుగు విద్యార్థులు చదువుతున్నారు, కాలాపేటలోని విశ్వవిద్యాలయంలోనూ ఉన్నారు. పద్దెనిమిది దాటి, రెండు భాషలూ తెలిసి, వారానికి ఒక పూట ఇవ్వగలిగినవాళ్ల పేర్లు ఒక పుస్తకంలో రాసి పెట్టుకోవడం ఏ తెలుగు సంఘానికైనా ఉగాది సభ కంటే తేలికైన పని. ఖర్చు కూడా తక్కువే.

ఎలా అడగాలి

స్టాఫ్‌రూమ్‌లో అందరి ముందూ అడగొద్దు. "ఇంట్లో ఏమైనా సమస్యా?" అని అసలే అడగొద్దు. ఆ ప్రశ్నకు ఏ పిల్లయినా "లేదు సార్" అనే అంటుంది. సమస్య మాటెత్తకుండా పనుల గురించి అడగండి. ల్యాబ్‌లో సామాను సర్దుకునేటప్పుడో, గ్రౌండ్ నుంచి నడిచి వచ్చేటప్పుడో, ఎదురెదురుగా కాకుండా పక్కపక్కన ఉన్నప్పుడు అడిగితే మాట తేలిగ్గా వస్తుంది.

"రికార్డు సంగతి తర్వాత చూద్దాంలే. పొద్దున బడికొచ్చే ముందు ఇంట్లో ఏమేం పనులు చేసొస్తావమ్మా?"

"ఏం లేదండి, మామూలేనండి."

"మామూలంటే?"

"నాన్నగారికి టిఫిన్ పెట్టాలండి. ఆయనకి చెయ్యి లేవదండి."

ఇక్కడ చాలామంది టీచర్లు "అయ్యో" అనేస్తారు. ఆ అయ్యో వినగానే పిల్ల మూసుకుపోతుంది. జాలిపడే మనిషికి ధైర్యం చెప్పే బాధ్యత కూడా తన మీదే పడుతుందని ఆ పిల్లకు అలవాటుగా తెలుసు. మామూలు గొంతుతో, "ఎన్నాళ్ల నుంచి? నువ్వు కాక ఇంకెవరున్నారు? రాత్రుళ్లు లేవాల్సొస్తుందా?" అని అడగండి. చివర్లో తప్పకుండా అడగాల్సింది ఒకటుంది: "ఈ సంగతి ప్రిన్సిపాల్‌గారికి చెప్పనా, వద్దా?" ఎవరికి తెలియాలో తేల్చే హక్కు ఆ పిల్లకు ఉండాలి. మానసిక జబ్బు, తాగుడు, హెచ్ఐవీ ఉన్న ఇళ్ల పిల్లలకు ఇది ప్రాణంతో సమానమైన సంగతి. పిల్లకు దెబ్బలు తగులుతున్నాయనో మరో రకమైన ప్రమాదం ఉందనో తెలిస్తే మాత్రం దాచడానికి వీల్లేదు, బాలల హెల్ప్‌లైన్ 1098కి చెప్పాల్సిందే. ఆ మాట కూడా మొదట్లోనే చెప్పేయండి.

తాగుడు గురించి ఇంకొక్క మాట. మద్యం చౌకగా, విరివిగా దొరికే ఊరు ఇది. తాగి పడిపోయిన తండ్రిని రాత్రి ఇంటికి చేర్చి, వాంతి ఎత్తి, తెల్లారి ఆయన యజమానికి "నాన్నకు జ్వరం అంకుల్" అని ఫోన్ చేసే పిల్లాడు కూడా ఒక రోగిని చూసుకుంటున్నవాడే. ఆ పిల్లాడికి ఏ ఆసుపత్రి చీటీ ఉండదు. చీటీ ఉన్నవాళ్లకే సాయం అనే నియమం పెడితే, అందరికన్నా అవసరమున్నవాడే బయట ఉండిపోతాడు.

హాజరు లెక్క

పుదుచ్చేరి ప్రభుత్వ బడులు ఇప్పుడు సీబీఎస్‌ఈ కిందికి వచ్చాయి. బోర్డు పరీక్ష రాయాలంటే 75 శాతం హాజరు కావాలి. ఏడాదికి 220 పనిదినాలు, వారానికి అయిదు రోజులు అనుకుంటే మానగలిగినవి 55 రోజులు. తల్లికి డయాలసిస్ నడుస్తోందనుకోండి. అది మామూలుగా వారానికి రెండు మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. అందులో ఒక్కరోజు పిల్ల వెంట వెళ్లినా ఏడాదికి 44 రోజులు పోతాయి. తనకొచ్చే జ్వరాలకు, పండగలకు, వానలకు కలిపి మిగిలేది పదకొండు రోజులు. వారానికి రెండు రోజులు వెళ్తే హాజరు అరవై శాతానికి పడిపోతుంది. పదో తరగతి గట్టెక్కుతుందా లేదా అన్నది పిల్ల తెలివితేటలకు సంబంధం లేకుండా ఇక్కడే తేలిపోతుంది.

దీనికి రెండు వైపుల నుంచి పని చేయాలి. ఒకటి, మానే రోజుల్నే తగ్గించడం. డయాలసిస్ యూనిట్లు షిఫ్టుల్లో నడుస్తాయి. "ఈ రోగి వెంట వచ్చేది మా విద్యార్థిని, పొద్దున క్లాసులుంటాయి, వీలైతే సాయంత్రం షిఫ్టు ఇవ్వగలరు" అని బడి లెటర్‌హెడ్ మీద నాలుగు లైన్లు రాసివ్వండి. కుటుంబం నోటిమాటగా అడిగినప్పుడు కుదరనిది ఒక్కోసారి ఆ కాగితానికి కుదురుతుంది. రివ్యూ తేదీలు ముందే కార్డు మీద ఉంటాయి కదా, ఆ తేదీల్లో యూనిట్ టెస్టు పడకుండా చూడొచ్చు.

రెండోది, మానిన రోజులకు సరైన కాగితం. హాజరు తగ్గినప్పుడు మినహాయింపు ఇవ్వడానికి సీబీఎస్‌ఈ నియమాల్లో చోటుంది. దీర్ఘకాల జబ్బు, తల్లినో తండ్రినో కోల్పోవడం, అలాంటి మరో తీవ్రమైన కారణం అని ఉంటాయి. ఆధారాలు జతచేసి బడే పంపాలి. ఆ మూడో కారణం కింద ఎవరి కేసు పంపాలో ఆలోచించే తీరిక పరీక్షలు దగ్గరపడ్డాక ఏ ప్రిన్సిపాల్‌కూ ఉండదు. ఆగస్టు నుంచే ఒక ఫైలు తెరవండి. అందులో తండ్రి డిశ్చార్జి సమ్మరీ, ఓపీ చీటీలు, పిల్ల పేరు మీద ఇచ్చిన అటెండెంట్ పాస్ నకళ్లు పెడుతూ పోండి.

కాలేజీల్లో ఇక్కడో విచిత్రం జరుగుతుంది. విద్యార్థికి జబ్బు చేసినట్టు మెడికల్ సర్టిఫికెట్ ఇస్తే సెలవు మంజూరవుతుంది, అమ్మకు జబ్బు చేసిందంటే కాదు. అందుకని వార్డులో అమ్మ మంచం కింద చాప వేసుకుని నిజాయితీగా మూడు రాత్రులు గడిపిన కుర్రాడు, వీధి చివర క్లినిక్‌లో వంద రూపాయలిచ్చి తనకే టైఫాయిడ్ వచ్చిందని రాయించుకొస్తాడు. ఆ కాగితం నమ్మే హెచ్ఓడీ, నిజమైన అటెండెంట్ పాస్‌ను మాత్రం పక్కకు నెట్టేస్తారు. దీన్ని మార్చడానికి విశ్వవిద్యాలయం అనుమతి దాకా పోనక్కర్లేదు, చాలాచోట్ల డిపార్ట్‌మెంట్ స్థాయిలో ఒక మాట అనుకుంటే చాలు.

ఒక మనిషి, ఒక కాగితం

బడి మొత్తానికి తెలియాల్సిన పని లేదు. ఒక టీచరుకు తెలిస్తే చాలు, మిగతా టీచర్లకు "ఈ పిల్ల విషయంలో నన్నడగండి" అన్న మాట వెళ్తే సరిపోతుంది. ఆ టీచరు, పిల్ల, వీలైతే ఇంట్లో ఒక పెద్ద కూర్చుని ఒకే పేజీలో ఒప్పందం రాసుకోవాలి. ఎంత ఆలస్యమైనా గేటు దగ్గర ఆపకూడదన్నది మొదటిది. రెండోది ఫోన్. బడిలో ఫోన్ నిషేధం మంచిదే, కానీ మూర్ఛలు వచ్చే అమ్మను ఇంట్లో వదిలి వచ్చిన పిల్లకు ఏడు గంటల నిశ్శబ్దం నరకం. పక్కింటి అక్కకు ఆఫీసు నంబరు ఇవ్వండి, ఇంటర్వెల్‌లో ఆఫీసు ఫోన్ నుంచి ఒక కాల్ చేసుకోనివ్వండి. ఆ ఒక్క నిమిషం తర్వాత రెండు పీరియడ్లు ఆ పిల్ల మనసు క్లాసులో ఉంటుంది. హోంవర్క్ తగ్గించమని నేను చెప్పను, గడువు మార్చమంటాను. రాత్రికి రాత్రి అడిగేది శనాదివారాలకు అడగండి. మానిన రోజు నోట్సు ఎవరిస్తారో పేరు రాయండి. "ఎవరినైనా అడిగి రాసుకో" అంటే అడగదు. నెలకోసారి ఆ కాగితం మళ్లీ తీసి చూడండి, జబ్బులు ఒకేచోట ఆగవు.

బడి తలదూర్చక తప్పని చోట్లు కొన్ని ఉన్నాయి. పిల్ల ఏ పనులు చేస్తోందో విన్నాక, వాటిలో పిల్ల అసలు చేయకూడనివి ఏవో చూడండి. పెద్దమనిషిని ఒంటరిగా ఎత్తడం వాటిలో మొదటిది. పెరిగే వయసులో నడుము పోతుంది, జారితే ఇద్దరికీ దెబ్బే. మంచం మీద దుప్పటి మడిచి వేసి, ఇద్దరు చెరోపక్కా పట్టి జరిపే పద్ధతిని ఫిజియోథెరపిస్టులు పది నిమిషాల్లో నేర్పుతారు. ఆ రెండో మనిషి పెద్దవాళ్లయి ఉండాలి. ఇన్సులిన్ ఎన్ని యూనిట్లో పిల్ల నిర్ణయించకూడదు. కొలిచి ఇవ్వడం వేరు, షుగర్ తగ్గిందని తనే మార్చేయడం వేరు. ఎదిగిన కూతురు తండ్రికి స్నానం చేయించాల్సి రావడం ఇద్దరికీ అవమానం, దానికి బంధువుల్లో ఒక మగమనిషిని వెతకాలి. ఇవన్నీ టీచరు చేయాల్సిన పనులా అని మీరడగొచ్చు. కాదు. మేనమామకో బాబాయికో ఒక్క ఫోన్ చేయడం మాత్రం టీచరు చేయగలరు. మన దగ్గర బడి నుంచి ఫోన్ వచ్చిందంటే చుట్టాలు కదులుతారు. అమ్మ పది సార్లు చెప్పినా కదలనివాళ్లు కూడా.

వైకల్యం ఉన్న పిల్లల తోబుట్టువుల్నీ గమనించండి. ఇంట్లో ఎదగని తమ్ముడో నడవలేని చెల్లెలో ఉన్నప్పుడు అక్కే రెండో అమ్మ అయిపోతుంది, అమ్మానాన్నల దృష్టిలో తనెప్పుడూ రెండోదిగానే ఉంటుంది. పుదుచ్చేరిలో సత్య స్పెషల్ స్కూల్ లాంటివి ఉన్నాయి. తమ్ముడికి అక్కడ ఒక పూట చోటు దొరికితే, ఆ పూట అక్కకు చదువుకునే తీరిక దొరుకుతుంది.

డబ్బు

కేంద్రం మిషన్ వాత్సల్య కింద స్పాన్సర్‌షిప్ అని ఒక సాయం ఉంది. నెలకు 4,000 రూపాయలు. అది అనాథలకే అని చాలామంది అనుకుంటారు, టీచర్లు కూడా. తల్లిదండ్రులు ప్రాణాంతక వ్యాధితో ఉన్నా, ఒళ్లు చచ్చుబడి పిల్లల్ని చూసుకోలేని స్థితిలో ఉన్నా, తల్లి వితంతువో భర్త వదిలేసిన మనిషో అయినా పద్దెనిమిదేళ్లలోపు పిల్లలకు అడగొచ్చు. కుటుంబ ఆదాయం ఏడాదికి పల్లెల్లో 72,000, పట్టణాల్లో 96,000 రూపాయలు దాటకూడదు. దరఖాస్తు జిల్లా బాలల సంరక్షణ యూనిట్‌లో ఇవ్వాలి. పక్షవాతం తండ్రి, హోటల్ పని తల్లి ఉన్న ఇంటికి ఆ నాలుగు వేలు వస్తే, పొద్దున రెండు గంటలు పక్కింటి మనిషిని కూలికి పెట్టుకోవడం కుదరొచ్చు. పిల్ల మొదటి పీరియడ్‌కు అందుకోవడానికి అదే దారి కావచ్చు. తండ్రికి వికలాంగుల సర్టిఫికెట్ లేకపోతే ముందు అది తీయించండి. పింఛనైనా బస్సు రాయితీ అయినా ఆ కార్డు నుంచే మొదలవుతుంది. ఇలాంటి ఇళ్లలో దరఖాస్తులు ఆగేది అర్హత లేక కాదు, ఆఫీసు వేళల్లో క్యూలో నిలబడే మనిషి లేక. ఉన్న ఒక్క మనిషీ క్లాసులో ఉంటుంది.

నువ్వే ఆ పిల్లవైతే

ఈ నాలుగు పేరాలు నీకోసం. టీచర్లు దాటేయొచ్చు.

నీ బడిలో ఒక మనిషిని ఎంచుకో. అందరికన్నా మంచి టీచరు కానక్కర్లేదు, చెప్పింది కడుపులో పెట్టుకునే మనిషి అయితే చాలు. నోటితో చెప్పలేకపోతే రెండు లైన్లు రాసి నోట్సులో పెట్టి ఇవ్వు: "మా అమ్మకు బాగోలేదండి. పొద్దున నేనే చూసుకోవాలి. ఆలస్యమైతే గేటు దగ్గర ఆపొద్దని చెప్పండి." జబ్బు పేరు రాయక్కర్లేదు.

చదువుకు పొద్దున కుదరదు, రాత్రి ఒంట్లో ఓపిక ఉండదు. అందుకని బడి వదిలాక ఇంటికి వెళ్లే ముందు నలభై నిమిషాలు లైబ్రరీలోనో ఖాళీ క్లాసులోనో కూర్చో. ఇంటి గడప దాటాక ఆ సమయం నీది కాదు, నీకు తెలుసు. ఆ నలభై నిమిషాలు దొంగిలించినట్టు అనిపిస్తుంది మొదట్లో. అనిపించనీ.

ఇంట్లో వాళ్ల మీద కోపం వస్తుంది. మంచంలో ఉన్న మనిషి మీద కూడా వస్తుంది, వచ్చాక సిగ్గేస్తుంది. ఇది జబ్బున్న ప్రతి ఇంట్లోనూ ఉండేదే, పెద్దవాళ్లకూ వస్తుంది, వాళ్లు చెప్పరు. బరువు మరీ ఎక్కువైన రాత్రి 14416కి ఫోన్ చెయ్యి. అది టెలీ మానస్, ప్రభుత్వానిదే, డబ్బు పడదు, ఏ వేళకైనా ఎత్తుతారు. తెలుగు ఎంచుకోవచ్చు.

కాలేజీ సీటు ఎంచుకునేటప్పుడు ఇంటికి దగ్గర అన్న ఒక్క లెక్కే వేసుకోకు. యానాంలో అమ్మను వదిలి పుదుచ్చేరి హాస్టల్లో ఉండటం తప్పేమీ కాదు. పొద్దున ఏడింటికి వీడియో కాల్‌లో మాత్రలు వేయించడం కూడా చూసుకోవడమే. అక్కడ చేత్తో చేసే మనిషి ఎవరో ముందే తేల్చుకుని, ఆ మనిషి మానేస్తే ఎవరో కూడా తేల్చుకుని రా. పరీక్షల వారంలో ఏదైనా జరిగితే రాత్రంతా ప్రయాణం చేసి వెళ్లాలా, వెళ్లాల్సిన పరిస్థితి ఏది, వెళ్లనక్కర్లేనిది ఏది అన్నది అమ్మతో కూర్చుని శాంతంగా ఉన్నప్పుడే మాట్లాడుకో.

తోటి విద్యార్థులు

కాలేజీల్లో ఎన్ఎస్ఎస్ వాలంటీరు రెండేళ్లలో 240 గంటలు సేవ చేయాలి. ఆ గంటల్లో ఎక్కువ భాగం బీచ్ రోడ్డు ఊడవడానికి, ర్యాలీలకు పోతోంది. మన కేంద్రపాలిత ప్రాంతంలోదే అయిన మాహేకు దగ్గర్లోని కోళికోడ్‌లో 1993లో మొదలైన నొప్పి నివారణ, పాలియేటివ్ కేర్ ఉద్యమం కేరళ అంతటా పాకింది, 2008లో ఆ రాష్ట్రం దానికొక విధానమే తెచ్చింది. అక్కడ కాలేజీ పిల్లలు శిక్షణ తీసుకుని ఇళ్లకు వెళ్లి మంచాన పడ్డవాళ్ల దగ్గర కూర్చుంటారు. ఇక్కడి కాలేజీలు కూడా ఆ గంటల్లో కొన్నింటిని మందులు తెచ్చిపెట్టడానికి, ఆఫీసు క్యూలో నిలబడటానికి, మానిన పాఠాలు చెప్పడానికి మళ్లించొచ్చు. సాయం అందుకునే ఇల్లు తమ క్లాసువాళ్లది కాకుండా చూసుకోండి. నిన్న పక్క బెంచీలో కూర్చున్నవాడు ఇవాళ మా నాన్న గది చూశాడంటే ఏ కుర్రాడూ తట్టుకోలేడు.

ఆ పని ఆగిపోయినప్పుడు

ఒకరోజు ఆ చూసుకునే పని ఆగిపోతుంది. నాన్న కోలుకోవచ్చు, పోవచ్చు. పోతే పదకొండు రోజులూ ఇంటి నిండా జనం ఉంటారు, పెద్దకర్మ అయ్యాక ఎవరి దారిన వాళ్లు వెళ్తారు. పిల్ల బడికి వస్తుంది. ఇప్పుడు ఇంట్లో పని లేదు కదా, ఇక బాగా చదువుతుందిలే అని అందరూ అనుకుంటారు. జరిగేది వేరు. అయిదింటికి మెలకువ వస్తుంది, చేయడానికేం ఉండదు. రెండేళ్లుగా వెనకబడిన పాఠాలన్నీ ఒక్కసారి మీద పడతాయి. ఇలాంటప్పుడే చాలా బడుల్లో మినహాయింపులన్నీ ఒక్కపెట్టున తీసేస్తారు. మీరు ఆ కాగితాన్ని ఇంకో టర్మ్ దాకా అలాగే ఉంచండి. గడువులు అలాగే ఉంచండి, నోట్సు ఇచ్చే పిల్లను మార్చకండి. హాజరు మినహాయింపుకు మరణ ధ్రువీకరణ పత్రం నకలు అడగాల్సి వస్తే పిల్లను అడగొద్దు. ఆ రోజు ఫోన్ ఎత్తిన మేనమామ నంబరు మీ దగ్గర ఉంది కదా, ఆయన్ను అడగండి.